పదకొండో ర్యాంకు తుఫాను

మా ఊరి తుఫానుకి పదకొండో ర్యాంకు వచ్చింది.

ర్యాంకు అంటే పిల్లల పరీక్షల సంగతి అనుకునేరు. కాదు. మహావిపత్తుల వర్గీకరణ మండలి అని ఒక ఆఫీసు ఉంది. మా మండల కేంద్రంలోనే, సముద్రానికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో, మెరక చూసి కట్టుకున్న రెండంతస్తుల మేడ. నూట యాభై ఏళ్ళుగా ఈ తీరాన్ని కొట్టిన తుఫానులన్నిటినీ వరసలో నిలబెట్టి, ఏది ఎక్కువమందిని చంపిందో చూసి మార్కులు వెయ్యడం దాని పని. మొదటి పది తుఫానుల జాబితాని రంగుల పుస్తకంగా అచ్చేశారు. 'మన మహోగ్ర తుఫానులు' అని పేరు. అట్ట మీద పెద్ద అల, అల కింద మంత్రిగారి నవ్వు.

ఉత్త పుస్తకమైతే మాకేం? బజ్జీలు పొట్లం కట్టుకునేవాళ్ళం. కానీ ఆఖరి పేజీలో ఒక ముక్క పెట్టారు. మొదటి పది ర్యాంకుల్లో ఉన్న ఊళ్ళకే తుఫాను షెల్టరు కట్టిస్తారట. ప్రమాదం రుజువైన చోటే రక్షణ. అది విధానం.

మాది గవ్వలరేవు. ఎదర సముద్రం, వెనక ఉప్పుటేరు. ఏరు దాటడానికి ఒక్కటే కాజ్‌వే. నీరు పొంగితే ముందు మునిగేది అదే. ఉన్నది తొమ్మిదివందల నలభైమందిమి. ఊళ్ళో శ్లాబున్నది బడికి ఒక్కదానికే, మొన్న ఎండాకాలం దాని పెచ్చులూడి నల్లబల్ల మీద పడ్డాయి. ముప్ఫైనాలుగేళ్ళ కిందటి తుఫానులో మా ఊరి జనం నూటపన్నెండుమంది పోయారు. మళ్ళీ అలాంటిది వస్తే ఎక్కడానికి నాలుగు స్తంభాల మీద ఒక గది కావాలి. అంతకన్నా మేం అడిగిందేమీ లేదు.

నాకు వచ్చిన నాలుగు ముక్కలతో అర్జీ రాశాను. పదిమందిమి వెళ్ళాం. ముందు గరికిన పోలమ్మ నడిచింది. ఆవిడ ఎండుచేపలమ్ముతుంది, కేక వేస్తే మూడు వీధుల అవతల ఉన్న పిల్లి కూడా ఆగుతుంది.

మండలి డైరెక్టరు విద్యాధరంగారు మమ్మల్ని కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు.

"మీ తుఫాను విషయంలో మండలికి అపారమైన సానుభూతి ఉన్నది. గాలివేగంలో మీకు ఏడో స్థానం. అల ఎత్తులో అయిదో స్థానం. అయితే ప్రధాన ప్రమాణం ప్రాణనష్టం. పదో ర్యాంకు వారిది నూటనలభైమూడు. మీది నూటపన్నెండు. ముప్ఫయ్యొక్క మంది తక్కువయ్యారు."

"ఇప్పుడేటి సెయ్యమంటారు బాబూ?" అంది పోలమ్మ. "ముప్పయ్యొక్కమందిని ఏరుకుని సంపీమంటారా?"

డైరెక్టరుగారు కోప్పడలేదు. నిబంధనల పుస్తకం తిరగేశారు.

"కుదరదమ్మా. ఆ తుఫాను తాలూకు మరణాలు ఆ తేదీన సంభవించి ఉండాలి. ఆలస్యంగా సంభవించిన వాటిని స్వీకరించే వెసులుబాటు లేదు."

తర్వాత ఆయన గోడమీది పటం దగ్గరికి వెళ్ళి చాలాసేపు లెక్క కట్టారు. తిరిగొచ్చేటప్పటికి ముఖం మారిపోయింది.

"ఇందులో ఏదో అవకతవక ఉన్నది. ఆ గాలికి, ఆ అలకి, ఆ తాటాకిళ్ళకి శాస్త్రీయంగా మీ గ్రామంలో నూటయాభై అయిదుమంది మరణించవలసి ఉన్నది. నలభైముగ్గురి లోటు కనపడుతున్నది. ఈ నలభైముగ్గురూ ఏమయ్యారు?"

మాకేం తెలుసు? బతికారేమో అన్నాం.

"ఎవరి అనుమతితో?" అన్నారాయన.

మృతుల లోటుపై విచారణకి ఆదేశాలు వెలువడ్డాయి.

విచారణ సంఘం రెండు జీపుల్లో వచ్చి బడి అరుగు మీద కుర్చీలు వేయించుకుంది. శ్లాబు కింద కూర్చోడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. అది ప్రమాదకరమని వాళ్ళలో ఇంజనీరు చెప్పాడు. పొద్దుట నుంచి మధ్యాహ్నం దాకా సాక్షుల్ని విచారించారు. అందరూ ఒకే పేరు చెప్పారు. సూరాడ మసేను.

మసేను తాతకి డెబ్భై ఆరేళ్ళు. ఇప్పుడు వేటకి వెళ్ళడు, ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తాడు. ఆ రోజుల్లో మా ఊరి అలివి వలకి పెద్ద ఆయనే. అలివి అంటే ఒడ్డునుంచి ఊరంతా కలిసి లాగే వల. దాని తాడు రెండు వీధుల పొడవు ఉంటుంది. నీళ్ళు ఊళ్ళోకి వచ్చిన మధ్యాహ్నం ఆయన ఆ తాడు తీసుకుని మెరకమీది తాటితోపులోకి పోయాడు. దొరికిన వాళ్ళని దొరికినట్టు లాక్కొచ్చి మానులకి కట్టాడు. పిల్లల్ని తల్లులతో కలిపి కట్టాడు. నీరు మెడల దాకా వచ్చి పోయింది. ముడి ఊడలేదు. నలభైముగ్గురు.

"ఈ చర్య మీరు ఏ సముచిత ప్రాధికారి ఉత్తర్వుల మేరకు చేపట్టారు?" అని అడిగారు డైరెక్టరుగారు.

"ఏటి బాబూ?"

"ఎవరు కట్టమన్నారు?"

"ఎవులు సెప్పాల? నీరొచ్చింది. తాడున్నాది."

"నలభైముగ్గురినే ఎందుకు కట్టారు? ఏ ప్రాతిపదికన ఎంపిక చేశారు?"

"తాడు అయిపోయింది బాబూ."

"మీ కుటుంబ సభ్యులు అందులో ఉన్నారా?"

మసేను తాత చేతిలో వల సూది ఉంది, దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"నా ఇంటిదాన్ని ఆకర్న కడదారనుకున్నాను" అన్నాడు. "అదే జనాల్ని సెయ్యట్టుకు తెచ్చి నాకందిస్తా ఉన్నాది."

గుమాస్తా తల ఎత్తకుండా రాసుకున్నాడు: స్వపక్షపాతం లేదు.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. నేనే చదివి వినిపించాను. "సూరాడ మసేను అను తాము, సదరు తుఫాను దినమున, ఎట్టి ముందస్తు అనుమతి లేకుండా, ప్రకృతి వైపరీత్యపు సహజ పరిణామములలో అనధికారికముగా జోక్యము చేసుకొని, నలభైమూడు మరణములను నివారించి, తద్ద్వారా గ్రామమునకు చెందవలసిన ర్యాంకునకును, తత్ఫలితముగా షెల్టరునకును భంగము కలిగించినారు. తమపై చర్య ఏల తీసుకొనరాదో పదిహేను దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

మసేను తాత అంతా విని, "తప్పయిపోనాదేటి?" అని నన్నడిగాడు. నిజంగానే అడిగాడు. వెటకారం ఆయనకి తెలీదు.

నోటీసు కన్నా దరిద్రం, ఊళ్ళో గొణుగుడు మొదలయింది. ప్రభుత్వం కాగితం మీద అచ్చేసి పంపితే అందులో ఎంతో కొంత నిజం ఉంటుందని మా జనానికి ఒక నమ్మకం. ఆ రోగానికి మందు లేదు. రేవు దగ్గర వార్డు మెంబరు మైలపల్లి దానేసు అందరి ముందూ అనేశాడు.

"ఏటి మావా, అంత తొందరేటొచ్చింది నీకు? ఓ ముప్పై రెండుమందిని ఒగ్గీసుంటే ఈ పాటికి బిల్డింగుండును కదా!"

పోలమ్మ గంప కింద పెట్టింది.

"ఒరే దానేసూ, నువ్వప్పుడు ఆరునెల్ల గుంటడివి. మీయమ్మ రొమ్ముకి నిన్నూ, మానుకి మీయమ్మనీ కట్టినాడు. ఆ పక్క మానుకి నన్ను కట్టినాడు. రాత్తిరల్లా ఏడిసి నా సెవులు తినేసినావు. ఆ ముప్పై రెండుమందిలో ముందు నిన్నే ఒగ్గీసుంటే ఊరికి షెల్టరూ వచ్చును, ఈ వార్డుకి మంచి మెంబరూ వచ్చును!"

జనం నవ్వారు. దానేసు కూడా నవ్వాల్సొచ్చింది.

సంజాయిషీ నేను రాశాను. 'అయ్యా, బతికించినందుకు చింతిస్తున్నాను' అని రాయమని దానేసు సలహా. రాయలేదు. జరిగింది జరిగినట్టు రాసి మసేను తాత వేలిముద్ర వేయించాను.

హియరింగు రోజున డైరెక్టరుగారు మా మీద దయ తలిచారు. రాత్రింబవళ్ళు ఆలోచించి ఒక మార్గం కనిపెట్టారట.

"ఈ నలభైమూడూ వాస్తవానికి మరణాలే. జోక్యం వల్ల నిలిచిపోయిన మరణాలు. వీటిని మండలి 'నివారిత మరణాలు'గా గుర్తిస్తున్నది. సంబంధిత వ్యక్తులు స్వచ్ఛందంగా అఫిడవిట్ సమర్పించినచో, ఆ తేదీ నుండి వారిని మృతులుగా పరిగణించుటకు మండలికి అభ్యంతరము లేదు."

ఒక్కసారి అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాం. నేను ఫలానా, మసేను కట్టకపోతే ఆ రోజు చచ్చి ఉండేదాన్ని, కనుక చచ్చినట్టే లెక్కించమని ప్రార్థన, అని సంతకం పెడితే చాలు. షెల్టరు వస్తుంది.

"సంతకం పెడితే నిజంగా ఏటీ అవదు కదా?" అని పోలమ్మ అడిగింది.

"శారీరకంగా ఏ మార్పూ ఉండదమ్మా."

మర్నాడు పంచాయతీ ఆఫీసు ముందు చావడానికి క్యూ కట్టారు. నలభైముగ్గురిలో ఇప్పుడు ఉన్నది ఇరవైతొమ్మిదిమంది. మిగిలిన పద్నాలుగుమందీ తర్వాత మామూలుగా జ్వరాలొచ్చీ ముసలితనం వచ్చీ పోయారు. వాళ్ళని కలపమంటే డైరెక్టరుగారు ఒప్పుకోలేదు. ఒక మనిషి రెండుసార్లు మరణించడం రికార్డుల పవిత్రతకి విరుద్ధమట. ఇరవైతొమ్మిది కలిస్తే నూటనలభై ఒకటి. పదో ర్యాంకు దాటడానికి ఇంకా ముగ్గురు కావాలి.

ఊరు ఊరంతా మసేను తాత చుట్టూ చేరింది. ఇంకా ఎవరినైనా కాపాడావా, బాగా గుర్తుతెచ్చుకో అని. ఆయన రెండు రోజులు ఆలోచించి, "ఒక మేకనట్టుకున్నాను గానీ, దాన్ని లెక్కెడతారో లేదో" అన్నాడు.

ఈసారీ మండలే ఆదుకుంది. గుమాస్తాకి తట్టిందట ఆలోచన. బతికినవాళ్ళు నిజానికి చనిపోయి ఉంటే, తర్వాత వాళ్ళకి పిల్లలు పుట్టరు కదా? ఆ పిల్లలకి పిల్లలు పుట్టరు కదా? పుట్టకూడనివాళ్ళు పుట్టడం కూడా మసేను జోక్యం వల్ల కలిగిన లోపమే. 'ఆనుషంగిక నివారిత మరణాలు' అని వాటికి పేరు పెట్టారు. లెక్క తీశారు. ఊళ్ళో ఆ వంశాలవాళ్ళు రెండువందల పదిహేడుమంది తేలారు.

మా అమ్మ తాడుకి కట్టినవాళ్ళలో ఒకతె. నేను ఆ తర్వాత రెండేళ్ళకి పుట్టాను. కనుక నేనూ పోయాను. సంతకం పెట్టి బయటికొచ్చి టీ తాగాను, బాగానే ఉంది.

నూటపన్నెండు, ఇరవైతొమ్మిది, రెండువందల పదిహేడు. మొత్తం మూడువందల యాభై ఎనిమిది. గవ్వలరేవు తుఫాను పదకొండో ర్యాంకు నుంచి ఒక్క ఊపులో మూడో ర్యాంకుకి ఎగబాకింది. డైరెక్టరుగారు స్వయంగా వచ్చి శాలువా కప్పారు. ఎవరికి కప్పాలో తెలియక పోలమ్మకి కప్పారు, మృతుల తరఫున. రాష్ట్ర చరిత్రలో ఇంత వేగంగా పురోగమించిన విపత్తు మరొకటి లేదని ఉపన్యాసం ఇచ్చారు. మెరక మీద తాటితోపు పక్కన స్థలం కొలిచారు, చదును చేశారు, నిధులు మంజూరయ్యాయని బోర్డు పాతారు. ఆ రోజు ఊళ్ళో దీపావళే.

నెల తిరిగేసరికి మండలి నుంచి ఇంకో కాగితం.

షెల్టరు కట్టాలంటే ఊళ్ళో కనీసం ఏడువందలమంది సజీవ లబ్ధిదారులుండాలి. మీ తొమ్మిదివందల నలభైలోంచి రెండువందల నలభై ఆరుగురు మరణించడం వల్ల ఆరువందల తొంభైనలుగురే మిగిలారు. ఆరుగురు తక్కువయ్యారు. నిర్మాణం నిలిపివేయడమైనది.

పోలమ్మ డైరెక్టరుగారి గదిలో చేసిన గొడవ ఊరికే చెబితే నమ్మరు.

"సచ్చినోల్లు తక్కువైనారు, ఇవ్వం అన్నారు. సచ్చి సూపించినాం. ఇప్పుడు బతికినోల్లు తక్కువైనారంటారా? అయ్యా, మీకసలు ఎన్నిపాళ్ళు సావాల, ఎన్నిపాళ్ళు బతకాల? సరిగ్గా ఓ కాయితం మీద రాసీండి, అలాగే ఉంటాం!"

"మీ ఆవేదన మండలి దృష్టికి వచ్చింది."

"దృష్టి కాదు బాబూ. ఆరుగుర్ని వెనక్కియ్యండి. మమ్మల్ని ఆరుగుర్ని బతికించీండి సాలు."

డైరెక్టరుగారు మళ్ళీ పుస్తకం తిరగేశారు. ఆయన మనసులో చెడ్డవాడని నేననను. పుస్తకంలో ఏముందో అదే ఆయన మనసులోనూ ఉంది.

"సజీవులను మృతులుగా మార్చుటకు నిబంధన ఉన్నది. మృతులను సజీవులుగా మార్చుటకు లేదు. అది దైవాధీనం."

మేం అలా గోడలకి అర్జీలు పెట్టుకుంటూ ఉండగానే కార్తీకం వచ్చింది. తుఫాను వస్తోందని పోర్టులో మూడో నంబరు జెండా ఎత్తారు. మర్నాడు పదిగంటలకి కలెక్టరాఫీసునుంచి బస్సులు వచ్చాయి, ఊరు ఖాళీ చేయించడానికి. సీట్లు మండలి పంపిన సజీవుల జాబితా ప్రకారం. ఆరువందల తొంభైనాలుగు. మసేను తాత పేరు ఉంది, ఆయన్ని ఎవరూ కట్టలేదు కాబట్టి. పోలమ్మ పేరు లేదు. దానేసు పేరు లేదు, వాడి పెళ్ళాం పేరు ఉంది, ఇద్దరు పిల్లల పేర్లూ లేవు.

"పిల్లల్ని ఒగ్గీసి నానొక్కదాన్నే ఎక్కమంటారేటి బస్సు?" అని దానేసు పెళ్ళాం డ్రైవరు మీద పడింది.

"నాకిచ్చిన జాబితా ఇది అమ్మా. చచ్చినోళ్ళని ఎక్కిస్తే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు డ్రైవరు. పాపం, వాడికి ఏడుపొక్కటే తక్కువ.

ఆమెని, మసేను తాతని బలవంతంగా ఎక్కించి పంపాం. మిగిలిన రెండువందల నలభై ఆరుగురం నడిచాం. చేపల ఐసు మోసే వ్యాను ఒకటుంటే ముసలివాళ్ళనీ పిల్లల్నీ అందులో వేశాం. కాజ్‌వే మీద అప్పటికే మోకాలి లోతు నీరు. ఎక్కడికి వెళ్ళాలో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కాళ్ళు తిన్నగా మండలి మేడ దగ్గరికి పోయాయి.

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. "ఎవరు మీరు?"

"సచ్చినోల్లం" అంది పోలమ్మ. వాన ఆవిడ ముఖం మీద కొరడాలా కొడుతోంది. "మీ ఆఫీసోల్లకి తెలుసు. లోనకెల్లి సెప్పు."

డైరెక్టరుగారు వసారాలోకి వచ్చారు. సందర్శకులకి పాసులుండాలి అన్నారు. పాసు ఎవరికిస్తారంటే వ్యక్తులకిస్తారు. మేం వ్యక్తులం కాదు, ఆ సంగతి ఆయన సంతకంతోనే తేలింది. మరి మేం ఏమిటి? వాన పెరుగుతోంది. ఐసు వ్యానులో పిల్లలు వణుకుతున్నారు. గుమాస్తా ఆయన చెవి దగ్గరికి వెళ్ళి ఏదో అన్నాడు. డైరెక్టరుగారి ముఖం వెలిగింది.

"వీరు మండలి శాశ్వత రికార్డులు!" అన్నారు. "రికార్డులు తడవకూడదు. వెంటనే లోపల భద్రపరచండి!"

అలా మమ్మల్ని రికార్డు రూములో భద్రపరిచారు. పట్టనివాళ్ళని మేడమీది సమావేశ మందిరంలో భద్రపరిచారు. ఆ సాయంత్రం గవ్వలరేవులోకి సముద్రం వచ్చింది. ఎనభైమూడిళ్ళు కొట్టుకుపోయాయి. బడి పూర్తిగా కూలింది. మనిషన్నవాడు ఒక్కడూ పోలేదు.

ఆ తుఫానుకి మండలి ర్యాంకు ఇవ్వలేదు. ప్రాణనష్టం లేనందున దాన్ని తుఫానుగా గుర్తించుటకు వీలుపడదని తేల్చారు.

నీళ్ళు తీసినా మేం కదల్లేదు. ఎక్కడికి కదులుతాం? బస్సులవాళ్ళు హైస్కూల్లో దింపిన మా మిగిలిన జనం కూడా వచ్చి కలిశారు. డైరెక్టరుగారు రోజూ వచ్చి వెళ్ళమని బతిమాలేవారు.

"శాశ్వత రికార్డు ఆఫీసు దాటి బయటికి పోకూడదు కదా బాబూ" అనేది పోలమ్మ, రికార్డు రూములో పొయ్యి రాజేసి నెత్తళ్ళ ఎండుచేపలు వేయిస్తూ. మూడో రోజుకి పై అంతస్తు దాకా ఆ వాసనే. ఫైళ్ళన్నీ నెత్తళ్ళ కంపు కొట్టాయి. స్టాఫు సెలవులు పెట్టారు.

పద్దెనిమిదో రోజున డైరెక్టరుగారు ఉత్తర్వు పట్టుకొచ్చారు. మేమంతా లేచి నిలబడ్డాం. షెల్టరే అనుకున్నాం.

"మండలి కార్యాలయం మృతుల ఆక్రమణలో ఉన్నందున నిరుపయోగమైనది. అయితే, గవ్వలరేవు షెల్టరు నిమిత్తం మంజూరైన నిధి వృథా పోరాదు. ఆ నిధి స్థలానికి మంజూరైనదే గాని మనుషులకు కాదు. కనుక అదే స్థలంలో, అదే నిధితో, మండలి నూతన కార్యాలయం నిర్మించబడును. ప్రభుత్వం ఆమోదించింది. సిబ్బంది నలభైమంది, సముద్రాభిముఖంగా."

పోలమ్మ నోటికి కూడా మాట రాలేదు, అది మా ఊళ్ళో ఎన్నడూ జరగలేదు. దానేసు కుర్చీ ఎత్తాడు. మసేను తాత వాడి చెయ్యి పట్టుకుని కుర్చీ కింద పెట్టించి, దాని మీద తనే కూర్చున్నాడు.

"బాబూ" అన్నాడు. "ఎన్ని అంతస్తులు?"

"ఒక్క అంతస్తే. కార్యాలయానికి స్తంభాలెందుకు? అది షెల్టరు నమూనా."

"నేల మీదే కడతారా?"

"అవును."

"ఆ నలబైమందికీ ఈతొచ్చునా?"

డైరెక్టరుగారు ఉత్తర్వు వైపు చూశారు. అందులో లేదు.

"ఈ అంశం మండలి పరిధిలోనిది కాదు."

"ఎవులికి రాదో ఆళ్ళ పేర్లు రాసీండి బాబూ" అన్నాడు మసేను తాత. "ఆ రోజున ముందు ఆళ్ళ కాడికొత్తాను."

డైరెక్టరుగారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం అటెండరు వచ్చి, అటూ ఇటూ చూసి, ఒక చీటీ మసేను తాత చేతిలో పెట్టి గబగబా పోయాడు. తాతకి చదవడం రాదు, నాకిచ్చాడు. చేత్తో రాసిన పేర్లు, మొత్తం పద్నాలుగు. మొదటిది డైరెక్టరుగారిది.